చెక్కలోకి తారు, లోహంలోకి రాగి

ఎముకా లోహమూ: 9వ భాగం

(గత భాగంలో తుప్పుపట్టని ఉక్కు శస్త్రచికిత్స గదిలోకి ఎలా అడుగుపెట్టిందో చూశాం. విరిగిన ఎముకను లోహంతో బిగించడం మనిషి నేర్చుకున్నాడు. ఆ లోహం మీద చీడ చేరకుండా చూసుకోవడం నేర్చుకోవడానికి మరో వందేళ్లు పట్టింది. ఈ భాగం ఆ వందేళ్ల కథ.)

మా పెదనాన్న తొడలోంచి తీసిన ప్లేటు ఇప్పుడు నా రాతబల్ల మీద ఉంది. జానెడు పొడవు, బొటనవేలంత వెడల్పు, ఎనిమిది కన్నాలు. రెండు కన్నాల అంచుల్లో మరలు ఒరుసుకున్న గీతలు ఇంకా కనిపిస్తాయి. ఆయన బిలాస్‌పూర్‌లో గ్యాంగ్‌మన్‌గా చేరి, గ్యాంగ్ మేట్‌గా రిటైరయ్యాడు. 1978లో బండి నుంచి పట్టాలు దించుతుంటే ఒకటి జారి తొడ మీద పడింది. ఎముక రెండు ముక్కలైంది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు.

కుట్లు మానాక ఆయన మాకు ఎక్స్‌రే ఫిల్ము కిటికీ వెలుగులో పట్టి చూపించాడు. "ఇదేటనుకున్నావు బాబూ? ఇదీ ఫిష్ ప్లేటే. పట్టాకి బిగిస్తే బండి నడుస్తాది, కాలికి బిగిస్తే మనిషి నడుస్తాడు" అన్నాడు. రెండు పట్టాల కొసలను కలిపి బోల్టులతో బిగించే ఇనుప పట్టీని రైల్వేలో ఫిష్ ప్లేటు అంటారు. బతుకంతా ఫిష్ ప్లేట్ల మధ్య గడిపిన మనిషికి తన తొడలో ఉన్నదేమిటో ఎవరూ వివరించనక్కర్లేకపోయింది.

మూడో నెలలో కుట్ల గీత మీద చిన్న పొక్కు లేచింది. పగిలింది, రసి కారింది, మానింది. మళ్లీ లేచింది. మాత్రలు వేసుకున్నన్నాళ్లు ఎండిపోయేది, ఆపగానే చీము మొదలయ్యేది. మా పెద్దమ్మ రోజూ పొద్దున్నే నీళ్లు కాచి, పాత పంచె గుడ్డలు ఉడకబెట్టి, ఎండలో ఆరేసి కట్టు కట్టేది. రెండేళ్లు అలాగే గడిచాయి. చివరికి ప్లేటు తీసేసి, చచ్చిన ఎముక పెచ్చులు గీకేశారు. నెలన్నరకు చీము ఆగింది. కాలు మాత్రం అంగుళం కురచయింది.

రెండేళ్లు మందులకు లొంగని చీము, లోహం తీసేయగానే ఎందుకు ఆగింది? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వెళితే, విరిగిన ఎముకల చరిత్రలో సగం కళ్లముందుకు వస్తుంది.

తూర్పుతీరం నుంచి అర్పా ఒడ్డుకు

ముందుగా, మావాళ్లు బిలాస్‌పూర్‌లోని అర్పా నది ఒడ్డుకు ఎలా చేరారో రెండు మాటలు. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. నాగపూర్ నుంచి అసన్‌సోల్ దాకా వేసిన దాని ప్రధాన మార్గం 1891కల్లా పూర్తయింది. ఆ మార్గం నుంచి కట్నీ వైపు చీలిన లైను బిలాస్‌పూర్‌ను జంక్షన్‌గా మార్చింది. 1902లో వాల్తేరు నుంచి కటక్ వరకున్న తూర్పుతీర మార్గం కూడా అదే కంపెనీ చేతికి వచ్చింది. దాంతో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల మనుషులకూ ఖరగ్‌పూర్, చక్రధర్‌పూర్, బిలాస్‌పూర్ కాలనీలకూ యజమాని ఒక్కడే అయ్యాడు. 1931లో విజయనగరం–రాయపూర్ మార్గం పూర్తయ్యాక పార్వతీపురంలో బండెక్కినవాడు కొండలు దాటి నేరుగా ఛత్తీస్‌గఢ్‌లో దిగసాగాడు. బిలాస్‌పూర్ బుధ్‌వారీ బజారులో కూరగాయల బేరం తెలుగులో మొదలై ఛత్తీస్‌గఢీలో ముగిసే రోజులు అలా వచ్చాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు బిలాస్‌పూర్ ముఖ్య కేంద్రమయ్యేనాటికి అక్కడ తెలుగు కుటుంబాలకు మూడు నాలుగు తరాలు నిండాయి.

రైలుపని అంటే ఇనుముతో పని. ఇనుముతో పని ఉన్నచోట విరిగిన ఎముకలూ ఉంటాయి.

తోలు చీలనంతవరకే

మన దగ్గర ఎముక విరిగితే పుత్తూరు పేరు గుర్తొస్తుంది. చిత్తూరు సీమలోని ఆ ఊరి కట్టు పేరు తెలియని తెలుగువాడు అరుదు. ఆకుపసరు, గుడ్డ, వెదురు బద్దలు పెట్టి, విరిగిన ఎముకను కదలకుండా ఉంచడం దాని సారం. ఆ పద్ధతికి ఒక పెద్ద రక్ష ఉంది. కట్టు కట్టేవాడు చర్మాన్ని కోయడు. చర్మం చెక్కుచెదరనంతకాలం లోపలి ఎముకకు బయటి క్రిమి అందదు.

ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికొస్తే మాత్రం కథ మారిపోయేది. 19వ శతాబ్దం నడుమ దాకా యూరప్ పెద్దాస్పత్రుల్లో కూడా అలాంటి కాలుకు మందు రంపమే. కాలు ఉంచితే చీము రక్తంలో చేరి ప్రాణం తీసేది, కోసినా ఎందరో బతికేవారు కాదు.

1865 ఆగస్టు 12న గ్లాస్గో రాయల్ ఇన్ఫర్మరీకి జేమ్స్ గ్రీన్‌లీస్ అనే 11 ఏళ్ల పిల్లవాణ్ని తీసుకొచ్చారు. బండి చక్రం ఎడమకాలి మీదుగా పోయి, ఎముక విరిగి, తోలు చీలింది. సర్జన్ జోసెఫ్ లిస్టర్ ఆ గాయం మీద కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన గుడ్డ వేశాడు. కార్లైల్ పట్టణంలో మురుగునీటి కంపు పోగొట్టడానికి ఆ ఆమ్లం వాడుతున్నారని ఆయన చదివాడు. కుళ్లడానికి కారణం కంటికి కనపడని జీవులేనని లూయీ పాశ్చర్ రాసినదీ చదివాడు. ఆ రెంటినీ కలిపి చూసిన బుర్ర ఆయనది. ఆరు వారాలకు ఆ పిల్లవాడు తన రెండు కాళ్ల మీద ఇంటికి నడిచి వెళ్లాడు.

కార్బాలిక్ ఆమ్లాన్ని అప్పట్లో బొగ్గుతారు నుంచి తీసేవారు. పట్టాల కింది చెక్క స్లీపర్లు కుళ్లకుండా, చెదలు పట్టకుండా పట్టించే క్రియోసోట్ అనే తారునూనె కూడా ఆ తారు నుంచే వస్తుంది. జాన్ బెథెల్ అనే ఆంగ్లేయుడు 1838లో దాన్ని చెక్కకు పట్టించే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. చెక్కను ఇనుప పీపాలో పెట్టి, లోపలి గాలి లాగేసి, ఒత్తిడితో తారునూనెను చెక్క నరనరానా ఎక్కించడం ఆయన పద్ధతి. ఛత్తీస్‌గఢ్ అడవుల గుగ్గిలపు చెక్క సహజంగానే గట్టిది, దానికి ఈ వైద్యం అంతగా అక్కర్లేదు. చీర్ వంటి మెత్తని చెక్కలకు తప్పదు. మా పెదనాన్న ఆ తేడాను ఒక్క మాటలో చెప్పేవాడు: "పైన పూసింది గీరుకుపోతాది. లోపలికింకింది ఎక్కడికెల్తాది?"

ఈ మాట గుర్తుంచుకోండి. చెక్క విషయంలో 1838లోనే దొరికిన ఆ తెలివి, ఎముకలో పెట్టే లోహం విషయంలో మన కాలానికి గాని దొరకలేదు.

లోహం మీద పాచి

లిస్టర్ తెరిచిన తోవలో సర్జన్లు ధైర్యంగా చర్మం కోసి ఎముకలను బిగించడం మొదలుపెట్టారు. లిస్టరే 1877లో లండన్‌లో విరిగిన మోకాలి చిప్పను వెండి తీగతో కుట్టాడు. 1890ల నుంచి విలియం ఆర్బుత్‌నాట్ లేన్ ఉక్కు ప్లేట్లు, మరలు వాడాడు. గాయంలోకి పోయే పనిముట్టు కొసను చేతివేలు కూడా తాకకూడదని ఆయన నియమం. అందుకే పొడవాటి పిడుల పనిముట్లు చేయించుకున్నాడు. ఆ నియమం పాటించినవాళ్ల చేతిలో ప్లేట్లు నిలిచాయి, పాటించనివాళ్ల చేతిలో చీముపట్టాయి.

పెన్సిలిన్ వచ్చాక ఈ బెడద తీరిందని అందరూ అనుకున్నారు. తీరలేదు. ఎందుకో తేల్చే ప్రయోగం ఒకటి 1957లో అచ్చయింది. ఎలెక్, కోనెన్ అనే ఇద్దరు పరిశోధకులు స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారి చర్మంలోకి స్టాఫిలోకాకస్ బాక్టీరియాను ఎక్కించి చూశారు. చీము పట్టాలంటే పది లక్షలకు పైగా బాక్టీరియా కావాల్సి వచ్చింది. అదే చోట ఒక్క పట్టుదారపు కుట్టు ఉంటే కొన్ని వందలే సరిపోయాయి. శరీరంలో ఏదైనా పరాయి వస్తువు ఉంటే శత్రువుకు వేలరెట్లు చిన్న సైన్యం చాలన్నమాట.

ఆ వస్తువు శత్రువుకు ఇచ్చేది ఆశ్రయం. బాక్టీరియా లోహం మీద వాలగానే అంటుకుంటుంది, పెరుగుతుంది, తన చుట్టూ జిగట పొర అల్లుకుంటుంది. అది అచ్చం పాచి. అర్పా రేవులో మెట్ల మీద, మన ఇంటి నీళ్లతొట్టె గోడ మీద పట్టే పాచి లాంటిదే. నీళ్లు ఎంత గట్టిగా కొట్టినా అది పోదు, కొబ్బరిపీచు పెట్టి రుద్దాల్సిందే. విలియం కోస్టర్టన్ అనే కెనడా శాస్త్రవేత్త 1978లో ఈ పాచి జీవితాన్ని లోకానికి విడమరిచి చెప్పాడు. విడిగా తేలే బాక్టీరియాను చంపే మందు మోతాదు, పాచిలో దాక్కున్నదానికి వందరెట్లు, ఒక్కోసారి వెయ్యిరెట్లు ఇచ్చినా చాలదు. అంత మందు మనిషి తట్టుకోలేడు. లోహంలో రక్తనాళాలు ఉండవు కనుక తెల్లకణాలూ అక్కడికి సరిగా చేరలేవు.

మా పెదనాన్న తొడలో జరిగింది ఇదే. మాత్రలు పాచి పైనుంచి కొట్టుకొచ్చిన బాక్టీరియాను చంపాయి. పాచి మాత్రం ప్లేటు మీద చెక్కుచెదరకుండా కూర్చుంది. అది పట్టుకుని వేలాడుతున్న లోహాన్ని తీసేస్తే గాని అది పోలేదు.

1987లో ఆంథొనీ గ్రిస్టినా అనే అమెరికన్ సర్జన్ ఈ పోరును ఉపరితలం కోసం పందెంగా వర్ణించాడు. శరీరంలో అమర్చే లోహపు వస్తువు, అంటే ఇంప్లాంటు, లోపలికి వెళ్లిన క్షణం నుంచి దాని మీద చోటు కోసం ఇద్దరు పరుగెడతారు. ఒకరు ఎముక కణాలు, మరొకరు బాక్టీరియా. పండగల ముందు బిలాస్‌పూర్ ప్లాట్‌ఫాం మీద జనరల్ బోగీ ఆగగానే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకోవడం చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఎముక కణాలు ముందు కూర్చుంటే బాక్టీరియాకు చోటు ఉండదు. బాక్టీరియా ముందు కూర్చుంటే ఎముక కణాలు నిలబడిపోతాయి. ఆ తొలి గంటల్లో ఎవరు గెలిచారన్నదే తర్వాతి ఏళ్లన్నిటినీ నిర్ణయిస్తుంది.

గాలి కడిగారు, సిమెంటులో మందు కలిపారు

పందెం ఎముక వైపు మొగ్గేలా చూడటానికి సర్జన్లు ఒక్కో ద్వారం మూసుకుంటూ వచ్చారు. ఇంగ్లండ్‌లోని రైటింగ్టన్ ఆస్పత్రిలో జాన్ చార్న్‌లీ 1962లో నేటి తుంటి మార్పిడికి పునాది వేశాడు. తొలినాళ్లలో ఆయన రోగుల్లో వందకు ఏడుగురి దాకా చీము పట్టింది. కారణం థియేటర్ గాలిలో తేలే రేణువులని ఆయన నమ్మాడు. ఆపరేషన్ బల్ల చుట్టూ గాజుగది లాంటిది కట్టించి, వడపోసిన గాలి నిరంతరం పైనుంచి దిగేలా చేశాడు. సర్జన్ వదిలే ఊపిరిని గొట్టంతో బయటికి పంపే దుస్తులు తొడిగించాడు. వందకు ఏడున్నది వందకు ఒకటి కన్నా తక్కువకు దిగింది.

1970లో హాంబర్గ్ సర్జన్ హాన్స్ బుఖోల్ట్స్ ఇంకో అడుగు వేశాడు. కీలును ఎముకకు అతికించే సిమెంటులోనే జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ పొడి కలిపాడు. మందు రక్తం ద్వారా కాక, అవసరమైన చోటే నెమ్మదిగా ఊరుతూ వచ్చింది. అంటే ఇంప్లాంటు పక్కనే కాపలా కూర్చుంది. అయితే సిమెంటు వాడని ప్లేట్లు, మేకులు, మరలకు ఆ కాపలా లేదు. పైగా ఒకే మందును తరతరాలుగా వాడితే బాక్టీరియా దాన్ని ఓడించడం నేర్చుకుంటుంది. 1961కే మెథిసిలిన్‌కు లొంగని స్టాఫిలోకాకస్ ఇంగ్లండ్‌లో బయటపడింది.

నల్ల ఇసుకలోని లోహం

ఈలోగా ఉక్కు స్థానంలోకి కొత్త లోహం వచ్చింది. 1791లో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో విలియం గ్రెగర్ అనే మతాచార్యుడు ఏటిఒడ్డు నల్ల ఇసుకను పరిశీలించి అందులో తెలియని మూలకం ఉందన్నాడు. నాలుగేళ్లకు జర్మన్ రసాయనవేత్త క్లాప్రోత్ దానికి గ్రీకు పురాణాల టైటన్ల పేరు మీద టైటానియం అని పేరు పెట్టాడు. ఆ నల్ల ఇసుక మనకు కొత్త కాదు. భీమునిపట్నం, కళింగపట్నం, భావనపాడు తీరాల్లో అల వెనక్కి లాగినప్పుడు తడి ఇసుక మీద మిగిలే నల్లటి చారలో ఇల్మనైట్ ఉంటుంది. ఇనుము, టైటానియం, ఆక్సిజన్ కలిసిన ఖనిజం అది. చిత్రమేమిటంటే, మా తాతలు పట్టాల పనికి బయలుదేరి వచ్చిన తీరమే ఈ లోహానికి పుట్టిల్లు.

ఖనిజం నుంచి లోహం తీయడం మాత్రం చాలా కష్టం. 1930ల చివర్లో లక్సెంబర్గ్‌కు చెందిన విలియం క్రోల్ దానికి తోవ చూపించాడు. టైటానియం క్లోరైడ్‌ను సుమారు 800 డిగ్రీల వేడిలో మెగ్నీషియంతో చర్య జరిపిస్తే, బుడగల బూడిదరంగు రాయిలాంటి లోహం మిగులుతుంది. దాన్నే టైటానియం స్పాంజ్ అంటారు.

1940లో అమెరికాలో బోథే, బీటన్, డావెన్‌పోర్ట్ అనే పరిశోధకులు పిల్లి తొడ ఎముకలో టైటానియం పెట్టి చూసి, శరీరం దాన్ని నెట్టేయడం లేదని గమనించారు. 1952లో స్వీడన్‌లో పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ రక్తప్రసరణ చూడటానికి కుందేలు కాలి ఎముకలో టైటానియం గొట్టం అమర్చాడు. ప్రయోగం ముగిశాక తీయబోతే రాలేదు, ఎముక దాన్ని పట్టేసుకుంది. నష్టమైందనుకున్న ఆ గొట్టం నేటి పళ్ల ఇంప్లాంట్లన్నిటికీ మూలమైంది.

ఉక్కుతో పోలిస్తే టైటానియం బరువు సగానికి కాస్త ఎక్కువ. బిగుసుతనంలో ఎముకకు ఉక్కు కన్నా దగ్గర. గాలి తగలగానే దాని మీద కొద్ది నానోమీటర్ల మందాన ఆక్సైడ్ పొర ఏర్పడి తుప్పును అడ్డుకుంటుంది, గీసినా మళ్లీ క్షణాల్లో అల్లుకుంటుంది. వందలో 6 పాళ్లు అల్యూమినియం, 4 పాళ్లు వనేడియం కలిపిన మిశ్రమలోహం విమానాల కోసం 1950ల్లో తయారై, ఆ తర్వాత మనిషి తుంటిలోకి, తొడలోకి వచ్చింది.

దానికొక లోపముంది. ఎముక కణానికి నచ్చే నేల బాక్టీరియాకూ నచ్చుతుంది. టైటానియం ఇద్దరికీ ఒకేలా చోటిస్తుంది. పందెంలో అది ఎవరి పక్షమూ కాదు. ఆ లోహాన్ని ఎముక పక్షం వహించేలా చేయడమే నేటి శాస్త్రవేత్తల పని.

పూత సరిపోయిందా?

మొదట ఆలోచించింది పూత. వెండి పూత పూసిన పెద్ద ఇంప్లాంట్లను జర్మనీలోని మ్యూన్‌స్టర్ సర్జన్లు ఎముక కాన్సర్ రోగులకు వాడారు. కణితితో పాటు సగం తొడ ఎముకను తీసేయాల్సి వచ్చే ఆ రోగుల్లో ఇన్ఫెక్షన్ భయం చాలా ఎక్కువ. 2010లో వారు ప్రకటించిన ఫలితంలో మామూలు టైటానియం పెట్టినవారిలో 17.6 శాతానికి ఇన్ఫెక్షన్ వస్తే, వెండి పూత ఉన్నవారిలో 5.9 శాతానికే వచ్చింది. జపాన్‌లోని కనజావా విశ్వవిద్యాలయ సర్జన్ హిరోయుకి త్సుచియా బృందం ఇంకో దారి పట్టింది. విద్యుత్తుతో టైటానియం మీద సన్నని రంధ్రాల పొర పెంచి, అందులో అయోడిన్ నింపింది. 2008 నుంచి రోగులకు దాన్ని అమర్చుతూ వచ్చింది. గాయానికి మనం రాసే అయోడిన్‌నే లోహానికి పట్టించారన్నమాట.

ఇవి నిజంగా మేలు చేసిన పద్ధతులు. కానీ పూతకు ఆయుష్షు కొంతే. అందులోని మందు ఒకనాటికి అయిపోతుంది. మేకును ఎముక గుజ్జులోకి సుత్తితో దిగ్గొట్టేటప్పుడు, మరను తిప్పి బిగించేటప్పుడు పూత గీసుకుపోతుంది. గీసుకున్న చోటే బాక్టీరియాకు తలుపు తెరుచుకుంటుంది. నా బల్ల మీది ప్లేటు కన్నాల అంచున ఉన్న గీతలను వేలితో తడిమితే ఈ మాట ఎంత నిజమో తెలుస్తుంది. ఎంత మంచి పూత పూసి ఉన్నా, ఆ చోట మిగిలేది కాదు.

లోహంలోనే కలిపితే

పైన పూసింది గీరుకుపోతే, లోపలే ఉండేలా కలపాలి. ఏం కలపాలన్నదానికి మన వంటింట్లోనే ఒక ఆనవాలుంది. రాత్రి రాగిచెంబులో నీళ్లు పోసి పొద్దున్నే తాగే అలవాటు మన పెద్దలది. అతి స్వల్పమైన రాగి కూడా నీటిలోని నాచును చంపేస్తుందని స్విస్ వృక్షశాస్త్రవేత్త కార్ల్ నేగెలి కనిపెట్టాడు. ఆయన పోయాక 1893లో ఆ పరిశోధన అచ్చయింది. రాగి అయాన్లు బాక్టీరియా పైపొరను చీలుస్తాయి, లోపల ప్రొటీన్లనూ డీఎన్ఏనూ పాడుచేస్తాయి. ఇన్ని వైపుల నుంచి ఒకేసారి దెబ్బ పడితే, ఒక మందుకు అలవాటుపడినట్టు దీనికి అలవాటుపడటం బాక్టీరియాకు కష్టం. 2008లో అమెరికా పర్యావరణ సంస్థ రాగి మిశ్రమలోహాలను బాక్టీరియాను చంపే ఉపరితలాలుగా నమోదు చేసింది.

చైనాలో షెన్యాంగ్‌లోని ఈశాన్య విశ్వవిద్యాలయంలో ఎర్లిన్ జాంగ్ బృందం 2013లో టైటానియం, రాగి పొడులను కలిపి కాల్చి చేసిన మిశ్రమలోహాన్ని పరీక్షించింది. రాగి వందకు ఐదు పాళ్లకు చేరితే బాక్టీరియాను నిలకడగా చంపే గుణం వస్తుందని తేల్చింది. టైటానియంలో రాగి కొంతవరకే కరుగుతుంది. మిగిలినది, రెండు టైటానియం పరమాణువులకు ఒక రాగి పరమాణువు చొప్పున కూడి, లోహమంతటా సన్నని రేణువులుగా పరుచుకుంటుంది. పైపొర అరిగినా కిందిపొరలోనూ అవే రేణువులు ఉంటాయి. మర గీసినా, సుత్తి తగిలినా కాపలా తప్పుకోదు. మా పెదనాన్న చెప్పిన స్లీపర్ సూత్రం ఇదే కదా!

రాగి ఎక్కువైతే మన కణాలకూ చేటే. లోహం పెళుసెక్కుతుంది, తుప్పుకూ లొంగుతుంది. కూరలో ఉప్పులాగా పాళ్లు కుదరాలి. ఈ లెక్క మీద అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో అమిత్ బంద్యోపాధ్యాయ్, సుస్మితా బోస్ అనే మన దేశపు శాస్త్రవేత్తలు చాలా ఏళ్లుగా పనిచేస్తున్నారు. వారి బృందం 2023లో వెలుగులోకి తెచ్చిన మిశ్రమలోహంలో వందకు 10 పాళ్లు టాంటలం, 3 పాళ్లు రాగి ఉన్నాయి. టాంటలం ఎముకకు బాగా పొసిగే లోహం. రాగి కాపలా కాస్తుంటే టాంటలం ఎముక కణాలను పిలిచి కూర్చోబెడుతుంది. పందెంలో ఒకరిని ఆపి మరొకరిని ముందుకు తోయడం అనే రెండు పనులూ ఒకే లోహానికి అప్పగించారు.

ఈ మూడు లోహాలను ఒక మూసలో కరిగించడం తేలిక కాదు. రాగి 1085 డిగ్రీల దగ్గర కరుగుతుంది. టైటానియానికి 1668 డిగ్రీలు కావాలి. టాంటలం 3000 డిగ్రీలు దాటితే గాని కరగదు. అందుకే వాటి పొడులను కలిపి, లేజర్‌తో పొరపొరగా కరిగించే 3డీ ప్రింటింగ్‌ను ఎంచుకున్నారు. ప్రయోగశాల పరీక్షల్లో ఈ లోహం స్టాఫిలోకాకస్ బాక్టీరియాలో 87 శాతాన్ని చంపింది. గాజుపళ్లెంలో గెలవడానికీ, గ్యాంగ్‌మన్ తొడలో ఇరవై ఏళ్లు గెలవడానికీ మధ్య చాలా దూరం ఉంది. అడుగు తీసి అడుగు వేసేకొద్దీ పడే బరువుకు లోహం అలసి పగలకూడదు, రాగి తగినంతే ఊరాలి, కాలేయానికీ మూత్రపిండాలకూ హాని కలగకూడదు. ఇవన్నీ జంతువుల్లో, తర్వాత మనుషుల్లో ఏళ్ల తరబడి రుజువు కావాలి. అలాంటి రుజువు లేనిదే ఏ లోహమూ మన శరీరంలోకి రాకూడదు కూడా.

కంచన్‌బాగ్ చేయగలిగింది

ఈ పనికి కావలసిన నేల మనకు ఉంది. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో రక్షణ లోహపరిశోధనశాల ఉంది. 1973లో నెలకొల్పిన మిశ్ర ధాతు నిగమ్ అక్కడే ఉంది. క్షిపణులకు, అంతరిక్ష వాహనాలకు టైటానియం మిశ్రమలోహాలు చేసే ఆ కర్మాగారం ఎముకల ఇంప్లాంట్లకూ లోహం ఇస్తోంది. బాలాపూర్‌లో 1997లో మొదలైన పొడిలోహాల పరిశోధన కేంద్రం ఉంది. లోహపు పొడులూ పూతలూ దాని ప్రధాన విద్య. కేరళలోని చవరలో 2011లో మొదలైన టైటానియం స్పాంజ్ కర్మాగారం నడిచేది కంచన్‌బాగ్ పరిశోధనశాల రూపొందించిన విధానంతోనే. నిజామ్స్ వైద్యవిజ్ఞాన సంస్థ పుట్టిందే ఎముకల ఆస్పత్రిగా.

లోహం, వైద్యం అనే ఈ రెండు లోకాలూ కలిస్తే ఏం జరుగుతుందో హైదరాబాద్ ఒకసారి చూసింది. అబ్దుల్ కలాం అక్కడి క్షిపణి పరిశోధనశాలలో ఉన్న రోజుల్లో నిజామ్స్ ఎముకల వైద్యుడొకరు వచ్చి, క్షిపణి కోసం చేసిన తేలికైన పదార్థాన్ని చేత్తో ఎత్తి చూశారు. తర్వాత కలాంను ఆస్పత్రికి తీసుకెళ్లి, కాళ్లకు ఊతంగా కట్టిన మూడు కిలోల లోహపు కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్న పిల్లలను చూపించారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. పిల్లలు పరుగెత్తారు, తల్లిదండ్రులు కంటతడి పెట్టారు. తనకు కలిగిన గొప్ప ఆనందాల్లో అదొకటని కలాం ఎన్నో సభల్లో చెప్పుకున్నారు. క్షిపణివాళ్లూ ఎముకలవాళ్లూ ఒక మధ్యాహ్నం కలిసి మాట్లాడుకున్నందుకు వచ్చిన ఫలితమది. చీము పట్టని లోహం కోసం ఆ కలయిక మళ్లీ జరగాలి, ఒక మధ్యాహ్నంతో ఆగకుండా ఏళ్లకేళ్లు సాగాలి. అలా పుట్టిన లోహం కార్పొరేట్ ఆస్పత్రుల దగ్గరే ఆగిపోకుండా, రైల్వే ఆస్పత్రి బల్ల మీదికీ జిల్లా ఆస్పత్రి బల్ల మీదికీ చేరినప్పుడే ఈ చరిత్ర సార్థకమవుతుంది.

అంతవరకు చేయాల్సింది లిస్టర్, లేన్, చార్న్‌లీ నేర్పిన పాఠాలను వదలకపోవడం. ఏ లోహమైనా, ఎంత తెలివైనదైనా, చేతుల శుభ్రత తర్వాతే పనిలోకి దిగుతుంది. మీకో, మీ ఇంట్లోవాళ్లకో ప్లేటు, మేకు, కృత్రిమ కీలు వేయించుకోవాల్సి వస్తే ముందే షుగర్ అదుపులో పెట్టుకోండి, పొగ మానేయండి. శరీరంలో ఎక్కడ పుండు ఉన్నా డాక్టరుకు చెప్పండి. ఇంట్లో బ్లేడుతో వెంట్రుకలు గీయకండి, ఆ సన్నని గాట్లలోనే క్రిమి కాపురం పెడుతుంది. కోత పెట్టడానికి ముందు గంటలోపు యాంటీబయాటిక్ పడుతుందా అని అడగండి, అడగడం తప్పు కాదు. ఇంటికొచ్చాక కుట్ల దగ్గర ఎర్రబడినా, వేడిగా ఉన్నా, ఒక్క చుక్క రసి కారినా, మందుల దుకాణంలో మాత్రలు కొనుక్కుని సరిపెట్టుకోకండి. ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరికి ఆ వారంలోనే వెళ్లండి. పాచి ముదరకముందు కడిగితే చాలాసార్లు లోహం నిలుస్తుంది. ముదిరితే తీయక తప్పదు. మా పెదనాన్న పొక్కు లేచిన మూడో నెలలో వెళ్లి ఉంటే ఆయన కాలు అంగుళం కురచయ్యేది కాదేమో. ఆ మాట మాకు చెప్పేవాళ్లు అప్పుడు లేరు. అందుకే ఇప్పుడు మీకు చెబుతున్నాను.